2024–25 వార్షిక నివేదిక: నైట్ డ్యూటీలో పెట్టే సంతకం ఎవరి మెడకు?

సభ్యులందరికీ నమస్కారం. సిస్టర్స్ అని మాత్రమే రాస్తే మన బ్రదర్స్ అలుగుతారు, అందుకే ఇది ఇద్దరికీ. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన గుంటూరు నర్సుల సంఘం ఏం చేసిందో చెప్పడానికి ఈ నివేదిక. జమాఖర్చుల కాగితం విడిగా పంపాం, అనుమానాలుంటే జనరల్ బాడీలో అడగండి. మే 12న నర్సుల దినోత్సవం ఎప్పటిలాగే కేకు, పాటలు, ఫొటోలతో గడిచింది. ఆగస్టులో కోల్‌కతా ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మపై జరిగిన ఘోరానికి నిరసనగా నల్ల బ్యాడ్జీలతో పనిచేశాం.

ఇక అసలు సంగతి. ప్రతి నెలా రెండో ఆదివారం కూర్చుని మన డ్యూటీలో చట్టం ఎక్కడెక్కడ తగులుతుందో మాట్లాడుకుందామని పోయినేడాది అనుకున్నాం కదా, మొదటి రెండు మీటింగులకు కుర్చీలే ఎక్కువ, మనుషులు తక్కువ. జులై మీటింగు నుంచి హాలు చాల్లేదు. జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, దాంట్లో 106వ సెక్షన్ ఏమంటుందో లాయర్ గారు చదివి వినిపించారు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే పాత 304-ఎ కింద రెండేళ్ల వరకు జైలు, ఇప్పుడు ఐదేళ్ల వరకు. వైద్యం చేస్తుండగా జరిగితే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌కు మాత్రం రెండేళ్లే గరిష్ఠం. ఆ మాటకు అర్థం మెడికల్ రిజిస్టర్లో పేరున్నవాళ్లని సెక్షన్ కిందే రాసుంది. మన పేర్లుండేది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్లో! అంటే ఒకే బెడ్డు, ఒకే పేషెంటు, ఒకే పొరపాటు, కానీ సెక్షన్ చదివితే డాక్టర్‌కు ఉన్న ఆ తగ్గింపు మనకు కనిపించదు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం, పై సంఘాలకు రాద్దామని తీర్మానం కూడా చేశాం. అలాగని ప్రతి తప్పుకూ జైలేనని కంగారుపడకండి. మామూలు పొరపాటు క్రిమినల్ కేసుకు చాలదని, నిర్లక్ష్యం చాలా తీవ్రంగా ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నష్టపరిహారం దారి మాత్రం వేరు, 1995 నుంచి డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తోంది, అక్కడ కేస్ షీటే సాక్షి.

ఎక్కువ గొడవ జరిగింది ఫోన్ ఆర్డర్ల మీద. మన సభ్యురాలొకరు చెప్పిన సంగతి వినండి. రాత్రి రెండింటికి షుగర్ బాగా పెరిగిన పేషెంటు గురించి ఫోన్ చేస్తే, నిద్రమత్తులో ఉన్న డాక్టర్ గారు చెప్పిన ఇన్సులిన్ డోసు ఆమెకు ‘ఫిఫ్టీ’ అని వినపడింది. చెయ్యి ఆగింది. మళ్లీ ఫోన్ చేస్తే ఆయన విసుక్కుని పెట్టేశారు. మూడోసారి చేసి "సార్, ఫైవ్ జీరోనా, వన్ ఫైవా?" అని అంకెలు విడగొట్టి అడిగింది. వన్ ఫైవ్. ఆ అమ్మాయి రెండో ఫోన్‌కే ఊరుకుని ఉంటే తెల్లారేసరికి ఏమయ్యేదో మీకు వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ‘డాక్టర్ చెప్పారు’ అన్న మాట మనల్ని కాపాడదు, అనుమానం వచ్చిన ఆర్డర్‌ను అడగడం కూడా మన పనే.

అందుకే సంఘం డబ్బుతో చిన్న రబ్బరు స్టాంపులు చేయించాం: ఆర్డర్ ఇచ్చినవారు, టైము, తిరిగి చదివి వినిపించామా, డాక్టర్ సంతకం. కేస్ షీట్లో కొట్టి నింపడమే. కొన్ని ఆస్పత్రుల్లో బానే వాడుతున్నారు, ఒకచోట మేనేజ్‌మెంట్ ‘ఇవన్నీ ఎవరు చెప్పారు మీకు’ అంది. చార్టులో తప్పు పడితే వైట్‌నర్ పూయొద్దని, ఒక్క గీత కొట్టి సంతకం, టైము వేయాలని ఎన్నిసార్లు చెప్పినా ఇంకా వైట్‌నర్ సీసాలు కనిపిస్తూనే ఉన్నాయి. షిఫ్టు మొదట్లోనే ఆరు గంటల బీపీలన్నీ ముందే రాసేసే అలవాటు కూడా మానాలి, దాన్ని పని తగ్గించుకోవడం అనరు, దొంగ రికార్డు అంటారు.

సమ్మతి పత్రం గురించి. ‘సిస్టర్, సంతకం పెట్టించుకురా’ అనడం మామూలైపోయింది. ఆపరేషన్ ఏంటో, ఇబ్బందులేంటో చెప్పాల్సింది డాక్టరే, మనం సాక్షులం. మత్తులో ఉన్న పేషెంటు తరఫున తల్లి చేసిన సంతకం చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు అంది, ఎందుకంటే మెలకువ వచ్చాక పేషెంటునే అడగొచ్చు, అర్జెంటు కూడా ఏమీ లేదు. మన దగ్గరేమో మెలకువగా కూర్చున్న పెద్దావిణ్ణి పక్కనపెట్టి కొడుకు కోసం కారిడార్లో వెతుకుతాం.

గోప్యత మీద జరిగిన మీటింగులో కాస్త సిగ్గుపడ్డాం కూడా. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ఫైలు అట్ట మీద ఎర్ర స్టిక్కర్ అంటించడం, బెడ్డు దగ్గర గట్టిగా చెప్పుకోవడం మనలో చాలామంది చేసిందే. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అది తప్పు, జాగ్రత్తలు అందరు పేషెంట్లకూ ఒకటే తీసుకోవాలి. వార్డులో రీల్స్ తీయడం గురించి ఇక రాయను, తీసినవాళ్లకు తెలుసు.

చివరి మీటింగులో పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం. పదహారేళ్ల పిల్ల గర్భంతో వచ్చింది, తల్లి కాళ్లు పట్టుకుని ‘ఎవరికీ చెప్పొద్దమ్మా’ అంటోంది, ఏం చేయాలి? చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, దాస్తే శిక్ష ఉంది. అయితే గర్భస్రావం కోసం వచ్చిన మైనర్ విషయంలో, ఆమె, సంరక్షకులు కోరితే డాక్టర్ ఆ సమాచారంలో పేరు, వివరాలు ఇవ్వక్కర్లేదని 2022 సెప్టెంబరు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ ఒక్క ముక్క తెలిస్తే తల్లిని సముదాయించడం తేలికవుతుంది. హాల్లో అప్పటిదాకా తెలిసినవాళ్లు ఇద్దరే.

వచ్చే ఏడాది మొదటి మీటింగు మానసిక వార్డుల్లో పేషెంటును కట్టేయడం మీద. స్టాంపులు ఇంకా కొన్ని మిగిలాయి, నైట్ డ్యూటీ వాళ్లకే ముందు. వచ్చేటప్పుడు రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ చూసుకుని రండి, పోయినసారి ముగ్గురిది గడువు దాటిపోయి ఉంది, అందులో ఒకటి నాదే.

కార్యదర్శి