ఆ కాగితాల పిన్ను తీయొద్దు

బంగారూ,

నిన్న ఫోన్లో వీలునామా మాట ఎత్తగానే "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అన్నావు. పెట్టేసేముందు మాత్రం "తమ్ముడికి కోర్టు నోటీసు వెళ్తే, అక్క నా మీద కేసు వేసిందనుకోడా?" అని అడిగావు. రాత్రంతా ఆ మాటే మనసులో మెదిలింది. అందుకే కూర్చుని రాస్తున్నా.

వీలునామా బయటికి తీసేసరికి రాసిన మనిషి ఉండదు. ఇది నువ్వు రాసిందేనా, ఎవరైనా బలవంతం చేశారా, దీని తర్వాత ఇంకోటి రాశావా అని అడుగుదామంటే జవాబు చెప్పేవాళ్లు లేరు. ఆ ప్రశ్నలే కోర్టు బతికున్నవాళ్లను అడుగుతుంది. ప్రొబేట్ అంటే అదే. వారసులందరికీ కబురు పెట్టి, అభ్యంతరం ఉంటే చెప్పమంటుంది. తమ్ముడికి నోటీసు వచ్చేది అందుకు. వాడికి చెప్పకుండా పని కానిచ్చేస్తే కదా వాడు బాధపడాల్సింది! నోటీసు వెళ్లకముందే నువ్వే ఫోన్ చేసి చెప్పు. కాగితం కంటే ముందు నీ గొంతు వినాలి వాడు.

సాక్షులిద్దరినీ పిలిపించి, వాళ్ల కళ్లముందే సంతకం చేశాను. 1837 నాటి ఇంగ్లండు చట్టమైనా, మన 1925 వారసత్వ చట్టమైనా ఇద్దరు సాక్షులు ఉండాలనే అంటాయి. ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లే, ఇద్దరికీ నా ఆస్తిలో చిల్లిగవ్వ రాదు. చూసే పిలిచాను.

అమెరికా గాయని అరీతా ఫ్రాంక్లిన్ 2018లో పోయారు. వీలునామా లేదనే అందరూ అనుకున్నారు. మరుసటి ఏడాది ఇల్లు వెతికితే తాళం వేసిన బీరువాలో 2010 నాటి చేతిరాత కాగితాలు, సోఫా మెత్తల కింద ఒక నోటుపుస్తకంలో 2014లో రాసిన పేజీలు దొరికాయి. ఏది చెల్లుతుందన్న దగ్గర కొడుకులు రెండు పక్షాలయ్యారు. చివరికి 2023 జులైలో మిషిగన్‌లో జ్యూరీ కూర్చుని, సోఫాలో దొరికిందే చెల్లుతుందని చెప్పింది. జ్యూరీకి గంట కూడా పట్టలేదు. అక్కడిదాకా రావడానికి ఆ పిల్లలకు దాదాపు ఐదేళ్లు పట్టింది. అది చదివినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అందుకే పాతదాన్ని నేనే చింపేశాను, ఉన్నది ఒక్కటే.

ఇక నీ పని. ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామాలో రాసినవన్నీ జరిపించే మనిషిగా, నీ పేరు రాశాను. కోర్టు నీకు అధికారం ఇచ్చాక, నా పేరున ఉన్నవన్నీ జాబితా రాసి కోర్టుకు ఇవ్వాలి. మన చట్టంలో దానికి 6 నెలలు, లెక్కలు అప్పజెప్పడానికి ఏడాది గడువు. ఆ జాబితాలో ఏదీ దాచొద్దు, చిన్నదని వదిలేయొద్దు. ఇంకోటి గుర్తుంచుకో, ఇంట్లో సగం మీ నాన్న పేరిట ఉంది. వీలునామా నిజమైనదని కోర్టు తేల్చినా, నాది కానిది నేనివ్వలేను. నేనివ్వగలిగింది నా సగమే.

అన్నిటికంటే ముఖ్యంగా, అప్పులు తీరాకే పంపకం. ఇది నేను చూసి నేర్చుకున్నది. తాతయ్య పోయాక మీ పెద్దమామయ్య మంచితనం కొద్దీ, ఎవరికీ లోటు ఉండకూడదని, నెల తిరక్కుండా డబ్బంతా అందరికీ పంచేశాడు. నాలుగో నెలలో ఒకాయన తాతయ్య సంతకం ఉన్న ప్రోనోటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సంతకం తాతయ్యదే, మాకందరికీ తెలుసు. పంచిన డబ్బు అప్పటికే ఎవరి అవసరాలకు వాళ్లం వాడేసుకున్నాం. మామయ్య తన జీతంలోంచి రెండేళ్లు కట్టాడు. మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. ఆ రెండేళ్లూ వాడి ముఖం చూడలేకపోయేదాన్ని. అందుకే తమ్ముడు అవసరమని అడిగినా ముందుగా ఏమీ ఇవ్వకు. నీ సొంత డబ్బు ఇస్తే అది మీ అక్కాతమ్ముళ్ల సంగతి. నా డబ్బు మాత్రం లెక్క తేలేదాకా ముట్టుకోవద్దు.

అసలు వీలునామా ఎందుకు, చట్టం ఎలాగూ మీ ఇద్దరికీ ఇస్తుంది కదా అన్నావు. ఇస్తుంది. వీలునామా లేకపోతే కోర్టు ఎవరో ఒకరికి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే పోయినవాళ్ల ఆస్తి చూసుకునే అధికారపత్రం, ఇచ్చి, చట్టంలో రాసిన వరస ప్రకారం పంచమంటుంది. ఆ వరసలో రక్తసంబంధం ఉంటుంది, పెళ్లి ఉంటుంది. నా ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు రాత్రిళ్లు నా మంచం పక్కన కింద పడుకున్న మనిషి ఉండదు. ఆవిడకు నేనివ్వాలనుకున్నది ఆ కాగితం ఉంటేనే అందుతుంది. మీ ఇద్దరికీ పేచీ ఉండదని తెలిసే రాశాను.

ఒరిజినల్ నా బీరువా పైఅరలో గోధుమరంగు కవర్లో ఉంది. నాలుగు పేజీలు, ప్రతి పేజీ కింద నా సంతకం. జిరాక్సు కావాలని పిన్ను తీయొద్దు. కాగితంలో రెండో జత చిల్లులు కనిపిస్తే, ఇక్కడ ఇంకేదైనా పేజీ ఉండేదా అన్న అనుమానం వస్తుంది. జిరాక్సులు నేనే తీయించి పక్కనే పెట్టాను.

వచ్చే నెల వచ్చినప్పుడు ఒక పూట నా దగ్గర కూర్చో. పాస్‌బుక్కులన్నీ తీసి చూపిస్తాను. తమ్ముణ్ణి కూడా రమ్మన్నాను.

మీ అమ్మ