షాపు కంప్యూటర్లో డేటాకి ఆన్‌లైన్ బ్యాకప్ పెట్టుకోండి

అన్నలూ అక్కలూ అందరికీ నమస్తే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఎలా మునిగిపోయిందో మనందరికీ తెలుసు కదా, అలాంటప్పుడు కంప్యూటరూ దాని పక్కనే పెట్టిన హార్డ్ డిస్కూ రెండూ ఒకే నీళ్ళలో ఉంటాయి, అందుకే బ్యాకప్, అంటే ఫైల్స్‌కి ఇంకో కాపీ, ఊరికి దూరంగా ఆన్‌లైన్లో ఉండాలని ఇంతగా చెప్తున్నా.

వరదలే కాదు, వైరస్ కూడా ఉంది. 2017 మే లో వాన్నాక్రై వచ్చి ఫైల్సన్నీ లాక్ చేసి డబ్బులడిగింది, మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. వేరే చోట పాత కాపీ ఉంటే ఆ వైరస్ పంపినవాడికి రూపాయి ఇవ్వక్కర్లేదు.

గూగుల్ అకౌంట్లో 15 జీబీ ఫ్రీ, కానీ జీమెయిల్, ఫోటోలు కూడా అందులోనే లెక్క. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ స్టోరేజ్ వన్‌డ్రైవ్‌లో 5 జీబీ ఫ్రీ. బిల్లులు, జీఎస్టీ ఫైల్స్, టాలీ డేటాకి మామూలుగా సరిపోతుంది, పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో వాళ్ళు మాత్రం డబ్బు కట్టి స్పేస్ కొనుక్కోవాల్సిందే, అది దండగ అనుకోకండి ప్లీజ్, కస్టమర్ల పెళ్ళి మళ్ళీ తియ్యలేం.

ఇంకో ముఖ్యమైన విషయం, సింక్ వేరు బ్యాకప్ వేరు. సింక్ అంటే కంప్యూటర్లో ఫోల్డర్‌నీ ఆన్‌లైన్లో దాని కాపీనీ ఎప్పుడూ ఒకేలా ఉంచడం. సింక్ ఫోల్డర్లో ఫైల్ డిలీట్ చేస్తే ఆన్‌లైన్లోనూ పోతుంది, గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. కాబట్టి హార్డ్ డిస్క్ కాపీ కూడా మానకండి. అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఇంకోసారి మీరేనని అడిగే సెట్టింగ్, ఆన్ చెయ్యండి. మొదటిసారి అప్‌లోడ్‌కి చాలా టైం పడుతుంది, రాత్రి పెట్టి వదిలెయ్యండి. సెట్టింగ్స్ అర్థం కాకపోతే గ్రూప్‌లోనే అడగండి, ఆదివారం కాల్‌లో చూపిస్తా.