మార్షల్ దీవుల సంస్మరణ సభ: జమా ఖర్చుల వివరణ

పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల్లో అమెరికా జరిపిన అణు పరీక్షల బాధితులను స్మరిస్తూ మార్చి 1న విజయవాడలో జరిపిన సభకు, ఆ సందర్భంగా వేసిన తెలుగు పుస్తకానికి చందాలిచ్చిన మిత్రులందరికీ నమస్కారాలు. మీరిచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పడం మా బాధ్యత.

చందాల రూపంలో రూ.46,500, పుస్తకాల అమ్మకం ద్వారా రూ.9,200 వచ్చాయి. మొత్తం జమ రూ.55,700. ఖర్చులో ఎక్కువ భాగం అచ్చుకే పోయింది: కాగితం, ముద్రణ, బైండింగు కలిపి రూ.27,000. హాలు అద్దె, మైకు రూ.8,500. టీ, అల్పాహారం రూ.4,300. పటాలు, ఫొటోల ప్రదర్శన రూ.3,400. కరపత్రాలు రూ.2,200. పోస్టు ఖర్చులు రూ.1,850. మొత్తం ఖర్చు రూ.47,250 పోగా నిల్వ రూ.8,450. వక్తలెవరూ పారితోషికం గానీ దారి ఖర్చులు గానీ తీసుకోలేదు. వారికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం.

ఈ నిల్వను మార్షల్ దీవుల ప్రజలకు విరాళంగా పంపాలని కొందరు దాతలు కోరారు. వారి మంచి మనసుకు కృతజ్ఞతలు. అయితే ఈ సొమ్మును పుస్తకం రెండో ముద్రణకే ఉంచాలని కమిటీ తీర్మానించింది. కారణం దాతలకు తెలియాలి.

ఆ దీవుల వారికి రావలసింది బాకీ. దాన్ని తీర్చవలసింది అమెరికా ప్రభుత్వం. 1947లో ఐక్యరాజ్య సమితి ఆ దీవులను అమెరికా ధర్మకర్తృత్వంలో, అంటే సంరక్షణ కింద, ఉంచింది. అక్కడివారి భూములు పోకుండా, ఆరోగ్యం చెడకుండా కాపాడతామని అమెరికా ఒప్పుకుంది. అదే ప్రభుత్వం 1946 నుంచి 1958 వరకు ఆ దీవుల్లోని బికినీ, ఎనెవెటక్ ప్రాంతాల్లో 67 అణు పరీక్షలు జరిపింది. 1954 మార్చి 1న పేల్చిన బ్రావో అనే హైడ్రోజన్ బాంబు బూడిద దగ్గర్లోని రాంగెలాప్ దీవి ప్రజల మీద రాలితే, వాళ్లను తరలించడానికి రెండు రోజులు పట్టింది.

అమెరికాకూ మార్షల్ దీవులకూ మధ్య 1986లో అమల్లోకి వచ్చిన ఒప్పందం కింద 15 కోట్ల డాలర్ల నిధి ఇచ్చారు. నష్టమెంతో తేలకముందే ఖాయం చేసిన మొత్తం అది. పైగా గతంలోవీ, ఇప్పటివీ, ఇకముందు రాబోయేవీ అన్ని దావాలూ దీనితో తీరినట్టేనని రాయించుకున్నారు. ఆ తర్వాత అదే ఒప్పందం ప్రకారం నష్టపరిహారం తేల్చడానికి ఏర్పడిన ట్రిబ్యునల్ సాక్ష్యాలు విని, చెల్లించవలసింది 200 కోట్ల డాలర్లకు పైగా అని తేల్చింది. బికినీ వారికే 2001లో 56.3 కోట్లు ప్రకటించింది. వారి చేతికందింది అందులో వందో వంతు కూడా లేదు, నిధి అడుగంటింది. పరిస్థితులు మారితే మళ్లీ అడగవచ్చన్న నిబంధన ఉంది కదా అని 2000లో అమెరికా కాంగ్రెస్‌కు అర్జీ పెట్టుకున్నారు, ఫలితం లేదు. 2010లో అమెరికా సుప్రీంకోర్టు బికినీ, ఎనెవెటక్ ప్రజల కేసులను విచారణకే తీసుకోలేదు. 2023 ఒప్పందంలో 70 కోట్ల డాలర్లు కేటాయించారు. ట్రిబ్యునల్ తేల్చిన మొత్తంలో అది సగం కూడా కాదు. ఈ లోటును మన విరాళాలతో పూడ్చబోతే బాకీదారుడి పేరు మరుగున పడుతుంది. ఆ లెక్కను నలుగురికీ తెలియజేయడమే మన చేతనైన సాయమని కమిటీ నమ్మకం.

దీనితో మనకేం సంబంధమని సభలో ఒకరు అడిగారు. అణ్వాయుధాల తగ్గింపుపై చర్చలు జరపడం లేదంటూ మార్షల్ దీవులనే ఈ చిన్న దేశం 2014లో అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన కేసుల్లో భారత్ కూడా ప్రతివాది. 2016లో న్యాయస్థానం తనకు విచారణాధికారం లేదని వాటిని కొట్టేసింది. ఈ సంగతి మొదటి ముద్రణలో క్లుప్తంగా ఉంది. రెండోదానిలో పూర్తి అధ్యాయంగా వస్తుంది.

బిల్లులు, రసీదులు, బ్యాంకు పుస్తకం కోశాధికారి వద్ద ఉన్నాయి. దాతలు ఎప్పుడైనా చూడవచ్చు. తేడాలు కనిపిస్తే రాతపూర్వకంగా తెలియజేయగలరు.