సంగీత కళాశాలలో సింథసైజర్‌కూ ఒక గది

సంపాదకులకు నమస్కారం.

ఎనభైల నాటి సింథ్ (సింథసైజర్, అంటే ఎలక్ట్రానిక్‌గా ధ్వనులు పుట్టించే మెట్ల వాద్యం) ధ్వనులతో డ్యాన్స్ పాటలు కట్టి తొలి ఆల్బమ్ తేవాలని మన పిల్లలు కొందరు ఇళ్లలోనే కుస్తీ పడుతున్నారు. దీనికి పెద్ద వాద్యబృందం అక్కర్లేదు. లండన్‌లో ఎల్లీ జాక్సన్, బెన్ లాంగ్‌మెయిడ్ ఇద్దరూ కలిసి 'లా రూ' పేరుతో 2009లో తెచ్చిన తొలి ఆల్బమ్‌కు 2011లో గ్రామీ దక్కింది. అంతకు ఎంతో ముందు, 1982లోనే, ముంబైలో చరణ్‌జిత్ సింగ్ రోలండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్యయంత్రాలు మూడింటితో పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద వాయించారు. మన ప్రభుత్వ సంగీత కళాశాలలు సింథసైజర్‌ను కూడా వాద్యంగా నేర్పాలని మా మనవి.

పిల్లలు ఎక్కడ తడబడతారో చూస్తే అవసరం తెలుస్తుంది. తోడి రాగంలోని గాంధారాన్నే తీసుకోండి. మెట్టు నొక్కి ఊరుకుంటే తోడి రాదు; స్వరం ఊగాలి. కీబోర్డు పక్కనుండే పిచ్ చక్రం (స్వరాన్ని పైకీ కిందికీ వంచేది) మామూలుగా అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలు కదులుతుంది. గాంధారం నుంచి కిందికి లాగితే శుద్ధ రిషభం, పైకి తోస్తే శుద్ధ మధ్యమం. కంపితానికి, అంటే స్వరాన్ని ఊపే గమకానికి, అంత చాలు. అయితే ఆ చక్రం ఒక చానల్‌లో (స్వరాలను పంపే దారిలో) మోగే స్వరాలన్నిటినీ ఒకేసారి వంచుతుంది. కింద పట్టిన కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) కూడా ఊగి అపశ్రుతి పలుకుతుంది. మెలొడీని వేరే చానల్‌లో పెడితే సరి. ఈ చిన్న ముక్క చెప్పేవారు లేకనే 'సింథ్‌లో మన రాగాలు పలకవు' అని వదిలేస్తున్నారు.

బేస్‌దీ (పాట అడుగున మోగే మంద్ర స్వరాలది) ఇదే కథ. నిమిషానికి 120 దరువుల వేగంలో ఒక్కో దరువు అర సెకను. చతురశ్ర గతిలో నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 125 మిల్లీసెకన్లు. నాదం అంతకు మించి సాగితే పక్క స్వరం మీదికి పాకి అంతా ముద్దైపోతుంది. సా-టూత్ (రంపపు పళ్ల ఆకారపు) తరంగం తీసుకుని, ఫిల్టర్ (పదునైన పై ధ్వనులను వడకట్టేది) బాగా మూసి, డికే (నాదం తగ్గిపోయే సమయం) 100 మిల్లీసెకన్ల దగ్గర ఉంచి, సస్టైన్ (మెట్టు నొక్కి ఉన్నంతసేపు నిలిచే నాదం) సున్నా చేస్తే ప్రతి స్వరం విడిగా వినిపిస్తుంది. దీనికి మందు రెవెర్బ్‌లో (గది ప్రతిధ్వనిని కలిపే ఎఫెక్ట్‌లో) వెతికితే ముద్ద ఇంకా పెరుగుతుంది.

ఖర్చు భయపడేంత కాదు. పదిమందికి ఐదు కంప్యూటర్లు, పిచ్ చక్రమున్న 49 మెట్ల మిడి కీబోర్డులు (ఏ మెట్టు నొక్కామో కంప్యూటర్‌కు చెప్పేవి) ఐదు, ఆడియో ఇంటర్‌ఫేస్‌లు (ధ్వనిని కంప్యూటర్‌లోకీ బయటికీ చేర్చే పెట్టెలు) ఐదు, హెడ్‌ఫోన్లు పది, వాటికి స్ప్లిటర్లు, ఒక జత మానిటర్ స్పీకర్లు. సర్జ్ ఎక్స్‌టీ, ఎల్‌ఎంఎంఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితం. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు సిద్ధం చేసే ధ్వని ముక్క) 128 శాంపిళ్ల దగ్గర ఉంచాలి. 48 కిలోహెర్ట్జ్‌లో 1024 పెడితే ఆ బఫర్ ఒక్కటే 21 మిల్లీసెకన్ల ఆలస్యం తెస్తుంది. మృదంగం విద్యార్థికి కూడా లయ కుదరదు. స్పీకర్లను గది మూలకు చేర్చకూడదు. అక్కడ బేస్ లేనిపోని బలంగా వినిపించి, పిల్లలు దాన్ని తగ్గించేస్తారు. బయట వింటే పాట పేలవం. పాత భవనమైతే అన్నిటికన్నా ముందు ఎర్తింగ్ చూపించాలి, లేకుంటే 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు గుయ్‌మనే మోత) రికార్డింగుల్లోకి చేరుతుంది.

ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపల్‌గా 1919లో మొదలైన విజయనగరం కళాశాలలోనూ, హైదరాబాద్ త్యాగరాజ కళాశాలలోనూ ముందు ఒక్కో గది తెరవమని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. పాఠం చెప్పే సౌండ్ ఇంజనీరు పక్కన వీణ మాస్టారు తప్పక కూర్చోవాలి. తోడి గాంధారం సరిగ్గా పలికిందో లేదో తేల్చాల్సింది ఆయనే.

— సౌండ్ రికార్డింగ్ పనిలో ఉన్న పాఠకులు, విజయవాడ