‘అరిరాంగ్’ పాట వెనుక ఉన్న సినిమాను మరవరాదు

సంపాదకులకు నమస్కారం.

కొరియా సినిమాల గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఎక్కువగా ఆస్కార్ పురస్కారంతోనో, ఓటీటీ ధారావాహికలతోనో మొదలవుతున్నాయి. ‘అరిరాంగ్’ పాట ప్రస్తావనకు వచ్చిన చోట మాత్రం, అది అనాదిగా ఇదే రూపంలో ఉన్న జానపద గీతమన్నట్టు రాస్తున్నారు. ఆ పేరుతో ప్రాంతానికొక పాట తరాలుగా ఉన్నమాట నిజమే. అయితే నేడు లోకమంతా గుర్తుపట్టే బాణీ ఇంటింటికీ చేరింది 1926లో వచ్చిన ఒక మూకీ వల్ల. 2026 అక్టోబర్ 1కి దానికి నూరేళ్లు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

జపాన్ పాలనలోని సియోల్‌లో, దాన్‌సంగ్‌సా థియేటర్లో విడుదలైన ‘అరిరాంగ్’ను రాసి, తీసి, కథానాయకుడిగా నటించిన నా ఉన్‌గ్యు (‘నా’ ఆయన ఇంటిపేరు)కు అప్పటికి 24 ఏళ్లు నిండలేదు. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లివచ్చిన మనిషి ఆయన. పెట్టుబడి పెట్టిన సంస్థ ఒక జపాన్ వ్యాపారిది. మతి చలించి పల్లెకు తిరిగొచ్చిన విద్యార్థి యోంగ్‌జిన్, తన చెల్లెలిని చెరచబోయిన భూస్వామి మనిషిని కొడవలితో చంపుతాడు. ఆ క్షణాన అతనికి తెలివి వస్తుంది. పోలీసులు అతన్ని కొండ దాటించి తీసుకుపోతుంటే ఊరివాళ్లు అరిరాంగ్ పాడతారు.

అతనికి పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పే పని తెర పక్కన నిలబడి కథ వినిపించే ‘బ్యోన్సా’ది. జపాన్ పాలనకు వ్యతిరేకంగా సాగిన 1919 మార్చి ఉద్యమంలో పోలీసుల చేతిలో పడ్డ చిత్రహింసలే కారణమని జనానికి అర్థమయ్యేది. సెన్సారు కత్తెర రీలును కోయగలదు గాని, ప్రేక్షకుడి మనసులో పూర్తయ్యే కథను కోయలేదు కదా! పిచ్చివాడిని నాయకుడిగా ఎంచుకోవడంలోనే ఆ యువకుడి ప్రతిభ అంతా ఉందని నా అభిప్రాయం.

నా ఉన్‌గ్యు 1937లోనే కన్నుమూశాడు. ఆ సినిమా కాపీ ఒక్కటి కూడా మిగలలేదు. ఒసాకాలోని ఒక సంగ్రాహకుడు తన దగ్గర ఉందని చెప్పుకున్నా, 2005లో ఆయన మరణించిన తర్వాత కూడా అది బయటపడలేదు. 1957, 1968, 2003 సంవత్సరాల్లో ఆ కథను మళ్లీ తీశారు. దేశం రెండు ముక్కలైనా పాట ఇద్దరిదీ అయింది. యునెస్కో వారసత్వ జాబితాలో 2012లో దక్షిణ కొరియా పేరిట, 2014లో ఉత్తర కొరియా పేరిట చేరింది. 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో ఉమ్మడి మహిళా ఐస్ హాకీ జట్టుకు జాతీయ గీతం స్థానంలో వినిపించింది ఈ పాటే.

రఘుపతి వెంకయ్య, ప్రకాశ్‌ల తొలి తెలుగు మూకీ ‘భీష్మప్రతిజ్ఞ’ను పోగొట్టుకున్న మనకు ఈ నష్టం తెలియనిది కాదు. అయినా ఆశ వదులుకోనక్కరలేదు. కొరియాలో 2007లో ఒక వ్యక్తి దగ్గర భద్రంగా ఉన్న రీళ్ల నుంచి 1934 నాటి మూకీ ఒకటి దొరికింది. శతజయంతి సందర్భంగా ‘అరిరాంగ్’పై వివరమైన వ్యాసం ప్రచురించవలసిందిగానూ, మన మూకీల కరపత్రాలు, ఛాయాచిత్రాలు, రీళ్లు ఇళ్లలో ఉన్నవారు తెలియజేయాలని అదే పుటలో విజ్ఞప్తి చేయవలసిందిగానూ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, తెనాలి