బ్రోలియో సీసాలు మీకు ఎందుకు ఇవ్వడం లేదంటే

అందరికీ నమస్కారం.

ఇటలీలోని బ్రోలియో తోటలో తయారయ్యే కియాంతి క్లాసికో అనే ఎర్ర వైన్ కోసం మే నెలలోనే డబ్బు కట్టి ఎదురు చూస్తున్న 37 మందికి ముందుగా అసలు విషయం చెప్పేస్తాను. సరుకు ఇంగ్లండులో, రెడింగ్‌లో ఉన్న మన షాపుకి చేరింది. కానీ ఆ సీసాలు నేను అమ్మడం లేదు. ఎవరి డబ్బు వాళ్ల అకౌంటుకి ఈ శుక్రవారంలోపు పూర్తిగా తిరిగి వేస్తాను. మీరు ఫోన్ చేయక్కర్లేదు, గుర్తు చేయక్కర్లేదు.

ఏం జరిగిందో చెప్పకుండా డబ్బు మాత్రం వేసేస్తే మీకు సవాలక్ష అనుమానాలు వస్తాయి. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మంగళవారం పొద్దున్నే 20 పెట్టెలు దిగాయి. పెట్టెకి ఆరు చొప్పున 120 సీసాలు. మా ఆయన ఇన్వాయిస్ సరిచూస్తుంటే నేను మొదటి పెట్టె టేపు కోశాను. అట్ట తెరవగానే గుప్పున వైన్ వాసన. బిగించిన సీసాల పెట్టెలోంచి అలాంటి వాసన రాకూడదు. ఒక సీసా పైకి తీస్తే మెడ దగ్గర వేలికి జిగట తగిలింది, పాకం అంటుకున్నట్టు. పైన రేకు ఒలిచి చూశాను. కార్క్ సీసా అంచుకంటే బియ్యపు గింజంత ఎత్తు పైకి లేచి ఉంది. దాని పక్కన సన్నటి ఎర్ర చార ఒకటి కింద నుంచి పైదాకా పాకింది.

ఒక్కో పెట్టే తెరుస్తూ పోయాం. అన్నీ అలా లేవు. మూడో వంతు సీసాల్లో కార్క్ కదిలింది, మిగతావి పైకి బాగానే కనపడుతున్నాయి. పెట్టెల మధ్య నేను పెట్టించిన చిన్న టెంపరేచర్ రికార్డర్‌ని తీసి కంప్యూటర్‌కి కలిపితే అసలు సంగతి బయటపడింది. శనివారం మధ్యాహ్నం 41 డిగ్రీలు. ఆదివారం మళ్లీ 41. ఆ రెండు రోజులూ లారీ దారిలో ఎక్కడో ఎండలో ఆగిపోయి ఉంది. వైన్ నిల్వ ఉండాల్సింది 12, 14 డిగ్రీల దగ్గర. వేడికి లోపల వైన్ ఉబ్బి కార్క్‌ని పైకి నెడుతుంది. రాత్రి చల్లబడి తగ్గినప్పుడు ఆ సందులోంచి గాలి లోపలికి దూరుతుంది. ఆ గాలి చాలు వైన్ చెడిపోవడానికి. కార్క్ కదలని సీసాల్లోనైతే గాలి దూరలేదు కానీ, వేడి దెబ్బ వాటికీ తగిలింది.

ఇందులో నా తప్పు ఉంది. ఆగస్టు 15న ఇటలీలో ఫెర్రాగోస్తో పండుగ. ఆ రోజులకి అటూ ఇటూ అక్కడ చాలా గోదాములు, ఆఫీసులు మూసేస్తారు. అంతకుముందే సరుకు బయల్దేరకపోతే సెప్టెంబరు దాకా ఆగాలి. మీకు ఆగస్టులో ఇస్తానని మాటిచ్చాను కదా అని తొందరపడ్డాను. చల్లగా ఉంచే లారీలో చోటు లేదంటే మామూలు లారీకి సరే అన్నది నేనే. లోగడ ఏప్రిల్లో, అక్టోబరులో అలాగే తెప్పించి ఏ ఇబ్బందీ పడలేదు కాబట్టి ఈసారీ గట్టెక్కుతాం అనుకున్నాను. మండు వేసవిలో ఆ పని చేయకూడదు. రవాణా వాళ్లతో, ఇన్సూరెన్సు వాళ్లతో మాట్లాడుతున్నాను. ఆ టెన్షన్ నాది, మీది కాదు.

పైకి బాగానే ఉన్న 80 సీసాలు అమ్ముకోవచ్చు కదా, ఎవరికి తెలుస్తుంది అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నష్టపోకూడదనే నా మేలు కోరి చెప్పారు. నేను వెంటనే కాదనలేదు. ఆ రోజు సాయంత్రం షాపు మూశాక రెండు గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ఏప్రిల్లో బ్రోలియో వెళ్లినప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న కియాంతి క్లాసికో సీసాలు రెండు నా దగ్గర ఉన్నాయి. అదే వైన్, అదే సంవత్సరం పంట. ఎడమ గ్లాసులో అది పోశాను. కుడి గ్లాసులో లారీలో వచ్చింది, అదీ కార్క్ కదలనిది, చూడ్డానికి ఏ వంకా పెట్టలేనిది.

ఎడమ గ్లాసులో ముందు పుల్లటి చెర్రీ వాసన వచ్చింది. కాసేపు గ్లాసు తిప్పితే తడిమట్టి, ఎండు టీ ఆకు. నోట్లో పోసుకోగానే వాక్కాయ కొరికినట్టు దవడల పక్కన నీళ్లూరాయి. ఆ వెనకే వగరు, నేరేడు పళ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టు, కాకపోతే అంత మొరటుగా కాదు. మింగేసి ఊరుకున్నా ఆ పులుపు నోట్లో ఇంకా ఆడుతూనే ఉంది. సాంజోవేజే ద్రాక్షకి ప్రాణం ఆ పులుపే. కియాంతి క్లాసికో అని పేరు పెట్టుకోవాలంటే సీసాలో కనీసం 80 శాతం ఆ ద్రాక్షే ఉండాలని అక్కడి నియమం.

కుడి గ్లాసులో చెర్రీ లేదు. ఎండు ఖర్జూరం, ముదిరిపోయిన బెల్లం పాకం వాసన. నోట్లో పెట్టుకుంటే ముందు తియ్యగా అనిపించి అంతలోనే ఆగిపోయింది. పులుపు ఉంది కానీ, పండుతో కలవకుండా దాని దారి దానిదే అన్నట్టు ఉంది. చివరికి నాలుక మీద పొడి వగరు మాత్రం మిగిలింది. తాగలేనంత ఘోరంగా ఏం లేదు. నన్ను భయపెట్టింది కూడా అదే. పుల్లగా విరిగిపోయి ఉంటే మీరే తెచ్చి నా మొహాన పెట్టేవాళ్లు. ఇలా ఉంటే ఎవరూ ఏమీ అనరు. మొదటిసారి కియాంతి రుచి చూసేవాళ్లు ఇంతేనేమో అనుకుని ఊరుకుంటారు, మళ్లీ దాని జోలికి పోరు. రెండో గుక్క తాగాక నాకు ఇంక ఏ సందేహమూ మిగల్లేదు. మిగిలిన ఆ సీసాలు విడిగా పెట్టి, అమ్మకానికి కాదు అని వాటి మీద రాసేశాను.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ తోట చూసి వచ్చాను కాబట్టి. దాని గురించి రాస్తానని ఏప్రిల్లోనే అన్నాను, పనుల్లో కుదరలేదు.

ఇటలీలో టస్కనీ ప్రాంతం, గయోలే ఇన్ కియాంతి ఊరికి దక్షిణాన గుట్ట మీద ఉంటుంది బ్రోలియో కోట. ఆకాశం తేటగా ఉంటే కోట గోడ మీద నుంచి దూరంగా సియెనా నగరం కనపడుతుంది. 1141 నుంచి ఆ చోటు రికాసోలి కుటుంబానిది. మన ఓరుగల్లులో కాకతీయులు ఇంకా సామంతులుగానే ఉన్న రోజులవి. ఫ్లోరెన్సుకీ సియెనాకీ మధ్య సరిహద్దు కావడంతో కోట ఎన్నోసార్లు దెబ్బతింది, మళ్లీ లేచింది. ఇప్పుడు ఆ ఎస్టేటు దాదాపు 1200 హెక్టార్లు, అందులో ద్రాక్ష 240 హెక్టార్ల దాకా. మిగతాదంతా చాలావరకు అడవి, కొంత ఆలివ్ తోట.

ఆ కుటుంబంలో నన్ను బాగా ఆకట్టుకున్న మనిషి బెత్తీనో రికాసోలి. 1861లో ఇటలీ ఒక్కటైన కొన్ని నెలలకే మొదటి ప్రధాని కవూర్ చనిపోతే, ఆయన తర్వాత ప్రధాని అయింది ఈయనే. పట్టుదల మనిషి కావడంతో ఉక్కు బారన్ అనేవాళ్లు. ఆయన ఏళ్ల తరబడి ఏ ద్రాక్షని ఎంత కలిపితే మంచి వైన్ వస్తుందో పరీక్షిస్తూ పోయి, 1872లో పీసా విశ్వవిద్యాలయం ప్రొఫెసరుకి రాసిన ఉత్తరంలో తాను తేల్చిన సంగతి చెప్పాడు. కియాంతికి వాసననీ బలాన్నీ ఇచ్చేది సాంజోవేజే. దాని కరుకుదనాన్ని తగ్గించి మెత్తన చేసేది కానాయోలో అనే మరో ద్రాక్ష. మాల్వసియా అనే తెల్ల ద్రాక్ష కలిపితే వైన్ తేలికై రోజూ తాగడానికి బాగుంటుంది, కానీ ఏళ్లపాటు దాచాల్సిన వైన్‌లో అది అక్కర్లేదు. మన వంటింటి లెక్కలో చెప్పాలంటే, సాంజోవేజే చింతపండు పులుసైతే కానాయోలో అందులో వేసే బెల్లం ముక్క. మాల్వసియా పల్చన చేయడానికి పోసే నీళ్లు.

బాధేంటంటే, తర్వాత వచ్చినవాళ్లు ఆ చివరి మాట వదిలేశారు. 1967లో కియాంతికి చట్టం రాసినప్పుడు తెల్ల ద్రాక్ష కనీసం 10 శాతం కలిపి తీరాలన్నారు, 30 దాకా కలపొచ్చన్నారు. నీళ్ల పులుసు ఎక్కువైంది. గడ్డి అల్లిన సీసాలో వచ్చే చవక వైన్ అని కియాంతికి పేరు పడిపోయింది. 2006 పంట నుంచి కియాంతి క్లాసికోలో తెల్ల ద్రాక్ష కలపడం పూర్తిగా మానేశారు.

కుటుంబం చేతిలో ఇన్ని వందల ఏళ్లు అంటే అన్నీ సాఫీగా గడిచాయని కాదు. 1970ల్లో వైన్ వ్యాపారం, ఆ పేరుతో సహా, బయటి కంపెనీ చేతికి పోయింది. కోట, పొలాలు మాత్రం రికాసోలి కుటుంబానివే. 1993లో ఫ్రాంచెస్కో రికాసోలి దాన్ని తిరిగి కొని ఇంటికి తెచ్చారు. అంతకుముందు ఆయన వృత్తి ఫొటోగ్రఫీ. వచ్చాక పాత తోటలు పీకించి మళ్లీ నాటించారు, ఎస్టేటులో నేలలన్నీ పరీక్ష చేయించారు. పోగొట్టుకున్నదాన్ని మళ్లీ చేతుల్లోకి తీసుకోవడం నాకు 1141 కంటే పెద్ద విషయంగా తోచింది.

ఆ నేలల తేడా నేను నోటితో తెలుసుకున్నాను. కొల్లెదిలా, రొంచికోనే, చెనిప్రిమో. మూడూ సాంజోవేజేనే, మూడూ ఆ ఎస్టేటువే, ఒక్కోటి ఒక్కో పొలం ముక్క నుంచి వచ్చిన వైన్. కొల్లెదిలా సున్నపురాయి నేల, రొంచికోనే ఒకప్పటి సముద్రపు మట్టి, చెనిప్రిమో పాత నది ఒడ్డు. మొదటిది నిటారుగా, గట్టిగా ఉంది. రొంచికోనే మెత్తగా, పండు ముందుకొచ్చి పలకరించినట్టు ఉంది. చెనిప్రిమోలో వగరు పట్టులా జారింది. నల్లరేగడి మిరప వేరు, ఎర్రనేల మిరప వేరు అని మా నాన్న అంటుంటే చిన్నప్పుడు పట్టించుకోలేదు. ఆ మూడు గ్లాసుల ముందు ఆయన మాట గుర్తొచ్చింది. అయినా అంత ఖరీదైన ఆ సీసాలు మీకు తెప్పించను. మనం భోజనంతో తాగేది మామూలు కియాంతి క్లాసికో. మెడ దగ్గర నల్ల కోడిపుంజు గుర్తు ఉంటే అదే. ఉత్త కియాంతి అని ఉన్నది వేరే, కోడిపుంజు దాని మీద ఉండదు.

ఈ వైన్ దేంతో తాగాలని చాలామంది అడిగారు. టమాటా వేసిన మటన్ కూరతో, దోరగా వేయించిన మిరియాల మాంసంతో చక్కగా కుదురుతుంది. పచ్చిమిర్చి ఘాటున్న గోంగూర మాంసంతో వద్దు. కారం ఆ వగరుని రెట్టింపు చేస్తుంది, రెండూ పాడవుతాయి.

ఇక ధర. అక్టోబరు మూడో వారంలో మళ్లీ 120 సీసాలు బయల్దేరతాయి, ఈసారి చల్లని లారీలోనే. చోటు బుక్ చేసి డబ్బు కట్టేశాను. దానివల్ల సీసాకి దాదాపు పౌండున్నర ఎక్కువ పడుతుంది. పైగా 2025 ఫిబ్రవరి 1 నుంచి ఇక్కడ వైన్ మీద సుంకం ఆల్కహాలు శాతాన్ని బట్టి వేస్తున్నారు. ఆ రోజు రేటు ప్రకారం 12.5 శాతం సీసాకి 2 పౌండ్ల 77 పెన్నీలు, 14.5 శాతానికి 3 పౌండ్ల 21 పెన్నీలు, ఆ పైన 20 శాతం వ్యాట్. ఎండ బాగా తగిలే కియాంతి లాంటి చోట ద్రాక్ష తియ్యగా పండి 14 దాకా పోవడం మామూలే. అందుకని కొత్త ధర 22 నుంచి 24 పౌండ్లకి పెంచాల్సి వస్తోంది. మేలో డబ్బు కట్టిన 37 మందికి మాత్రం 22కే ఇస్తాను. ఇప్పుడు ఏమీ కట్టొద్దు. సరుకు వచ్చి, నేను ఒక సీసా తెరిచి చూసుకుని, బాగుందని మీకు మెసేజ్ పెట్టాకే కట్టండి.

కార్క్ లేచిన సీసాలు, లేవనివి అన్నీ ఇన్సూరెన్సు వాళ్లు వచ్చి చూసేదాకా వెనక గదిలో ఉంటాయి. ఆ రాత్రి తెరిచినది కాక ఇంకొకటి తెరవడానికి వాళ్ల దగ్గర అనుమతి తీసుకున్నాను. వచ్చే శనివారం సాయంత్రం 5 నుంచి 8 దాకా షాపులో ఆ రెండు గ్లాసులూ మళ్లీ పెడతాను. తేడా ఎలా ఉంటుందో మీరే చూడొచ్చు, డబ్బేం అక్కర్లేదు. వచ్చేవాళ్లు ముందుగా చెప్పండి. సూట్‌కేసులో తెచ్చినది ఒక్క సీసాయే మిగిలింది కాబట్టి ఎడమ గ్లాసు మనిషికి రెండు గుక్కలకి మించి రాదు.