వార్షిక నివేదిక: ఇంటి అవసరాలు ఇంట్లోనే ఎంతవరకు?

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్లలో చాలామంది మిద్దె తోట కోసమే వచ్చారు. సంతోషమే. కానీ ఇంటిల్లిపాదికీ ఏడాది పొడవునా సరిపడే ధాన్యం ఏ డాబా మీదా పండదు. ఆకుకూరలు, మిరప, టమాటా వరకు ఆశ పెట్టుకోవచ్చు. కాయలు కాసే మొక్కలకైతే రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. అందుకే కమిటీ ఈసారి తోటకన్నా నీటికి, చెత్తకే ఎక్కువ సమయం ఇచ్చింది. ఖర్చు తక్కువ, ఫలితం ఖాయం.

వాన నీటి లెక్క పిల్లలు కూడా వేయగలరు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన కురిస్తే 1 లీటరు నీరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్లు పడితే 2,000 లీటర్లు. ఐదో వంతు వృథా అయినా 1,600 లీటర్లు చేతికొస్తాయి. తొలి జల్లు మాత్రం దుమ్మూ పక్షి రెట్టలూ కడుక్కుని వస్తుంది, దాన్ని తొట్టిలోకి రానివ్వొద్దు. పైపుకు ఒక వాల్వు పెట్టించుకుంటే చాలు. తొట్టి నిండాక పొంగేది ఇంకుడు గుంతకు మళ్లించాలి.

కంపోస్టు శిక్షణలో అందరి టెన్షన్ వాసన గురించే. ఉత్త తొక్కలే వేస్తే నీరు ఊరి, గాలి ఆడక కుళ్లుతుంది. ఒక వంతు తడి చెత్తకు రెండు వంతుల ఎండుటాకులు కలపండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధార కట్టిందంటే ఇంకాస్త ఎండుటాకు వేసి తిరగెయ్యాలి. అంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

సోలార్ పెట్టించుకున్న కొందరు, కరెంటు పోతే మిట్టమధ్యాహ్నం కూడా ఫ్యాను తిరగడం లేదని ఫిర్యాదు చేశారు. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైనుకు, కలిపిన ఇన్వర్టరు, లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా తనంతట తానే ఆగిపోతుంది. అది లోపం కాదు. కరెంటు పోయినప్పుడూ కావాలంటే బ్యాటరీతో పనిచేసే రకం తీసుకోవాలి.

ఒక హెచ్చరిక. తడిసిన మట్టి ఘనమీటరుకు ఒకటిన్నర టన్నులు దాటుతుంది. ఇంజనీరును అడక్కుండా డాబా మీద మడులు కట్టొద్దు.

విత్తనాల పంపకం బాగానే సాగింది. హైబ్రిడ్ కాయల గింజలు మాత్రం దాచి ఇవ్వకండి, వాటి పిల్ల మొక్కలు తల్లిలా రావు. నాటు రకాలే తీసుకుంటాం. తీసుకున్నంత విత్తనం కోత తర్వాత తిరిగి జమ చేయాలన్న ప్రతిపాదనను ఈ సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం.

కార్యదర్శి